మంది పెరిగినా మజ్జిగ పలచబడకుండా

పెద్ద ప్రాజెక్టు ఏదైనా వెనకబడుతోందని తెలియగానే మన బ్యాంకుల్లో మొదట కదిలేది ఒక ఫైలు. అదనపు సిబ్బంది కావాలని ప్రాజెక్టు సెల్ రాస్తుంది. హెచ్‌ఆర్ విభాగం జోనల్ ఆఫీసులను అడుగుతుంది, అవి రీజినల్ ఆఫీసులను అడుగుతాయి. చివరికి ఎక్కడో ఒక బ్రాంచి మేనేజరు, ఎవరిని పంపితే తన కౌంటరు ఆగకుండా ఉంటుందో ఆలోచించి ఒక పేరు పంపుతాడు. పదిహేను రోజులు తిరక్కుండానే నలభై యాభై మంది డెప్యుటేషన్ ఆర్డర్లు పట్టుకుని ప్రధాన కార్యాలయంలో దిగుతారు. ఇంతవరకు మన యంత్రాంగం చాలా చక్కగా పనిచేస్తుంది. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది.

విలీనం తర్వాత రెండు బ్యాంకుల కోర్ బ్యాంకింగ్ వ్యవస్థలను ఒకటి చేసే ప్రాజెక్టులో నేను డిపాజిట్ల విభాగం చూశాను. 12 మందితో మొదలైన మా జట్టు ఒక్కసారిగా 60 మందికి పెరిగింది. పెరిగిన కొత్తలో పని ఎందుకు నెమ్మదించిందో, తర్వాత ఎందుకు పుంజుకుందో దగ్గరుండి చూశాను కాబట్టి, ఆ రెంటి గురించీ రాస్తున్నాను. ఇది మా ఒక్క సెల్‌కు పరిమితమైన విషయం కాదు. 2017లో స్టేట్ బ్యాంకులో అనుబంధ బ్యాంకులు కలిశాయి. 2020 ఏప్రిల్ 1న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా, పది ప్రభుత్వ రంగ బ్యాంకులు నాలుగయ్యాయి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒకే బ్యాంకుగా మారాయి. వీటిలో ప్రతిదాని వెనకా హడావుడిగా పెరగవలసి వచ్చిన ఒక జట్టు ఉండే ఉంటుంది. రేపు మీలో ఎవరికైనా అలాంటి జట్టును నడిపే బాధ్యత రావచ్చు.

ముందుగా లెక్క సంగతి. ఆఫీసు నోట్లలో మనం వేసే లెక్క సులువుగా ఉంటుంది. 12 మంది పది నెలల్లో చేసే పనిని 60 మంది రెండు నెలల్లో చేస్తారు. కాగితం మీద ఇందులో తప్పేమీ లేదు. కానీ ఐబీఎంలో 1960లలో ఓఎస్/360 అనే భారీ సాఫ్ట్‌వేర్ నిర్మాణానికి నాయకత్వం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్, 1975లో ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ అనే పుస్తకంలో ఈ లెక్కనే తప్పుబట్టాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులోకి మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందన్నది ఆయన చెప్పిన మాట సారాంశం. అది కాస్త మోటుగా చెప్పిన మాటేనని ఆయనే ఒప్పుకున్నాడు. ఆయన చూపిన కారణాలు మాత్రం మోటువి కావు. కొత్తవారికి నేర్పవలసింది పాతవారే, నేర్పుతున్నంతసేపూ వారి సొంత పని ఆగుతుంది. పైగా ఒకరితో ఒకరు సంప్రదించుకోవలసిన జతలు మనుషుల సంఖ్య కంటే చాలా వేగంగా పెరుగుతాయి. 12 మందిలో అలాంటి జతలు 66. 60 మందిలో 1,770. మనుషులు ఐదు రెట్లు పెరిగితే మాటలు ఇరవై ఆరు రెట్లకు పైగా పెరిగే అవకాశం ఉందన్నమాట. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని మన పెద్దలు లెక్క వేయకుండానే చెప్పారు.

విడదీయగల పని, విడదీయలేని పని

అయితే మంది పెరిగితే పని పాడవుతుందని ఖాయం చేసుకోవడం కూడా పొరపాటే. ప్రధానమంత్రి జన్ ధన్ యోజన గుర్తుంది కదా! 2014 ఆగస్టు 28న పథకం మొదలైన రోజే దేశమంతటా సుమారు కోటిన్నర ఖాతాలు తెరిచాం. ఆ ఆగస్టు 23 నుంచి 29 వరకు ఒక్క వారంలో 1,80,96,130 ఖాతాలు తెరిచినందుకు గిన్నిస్ వారి గుర్తింపు కూడా వచ్చింది. ఆ రోజుల్లో శిబిరాలలో కూర్చున్నవారు ఈ అంకెను ఇప్పటికీ కొంచెం గర్వంగానే తలచుకుంటారు. అప్పుడు మందిని పెంచితే పని పెరిగింది. ఎందుకు?

ఎందుకంటే ఆ పని ముక్కలు చేయడానికి లొంగే పని. గ్రామీణ ప్రాంతాలను వెయ్యి నుంచి పదిహేను వందల కుటుంబాలుండే ఉప సేవా ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కోదాన్ని ఒక్కో బ్యాంకుకు అప్పగించారు. కర్నూలు జిల్లా పల్లెలో ఒక బ్యాంకు మిత్ర నింపిన దరఖాస్తుకూ, శ్రీకాకుళంలో ఇంకొకరు నింపిన దరఖాస్తుకూ సంబంధం లేదు. ఇక్కడ తప్పు జరిగితే అక్కడి ఖాతాకు ఏమీ కాదు. ఒక పూట శిక్షణతో పని వచ్చేస్తుంది. అలాంటి పనికి వందమంది కావాలంటే వందమందినీ ఒకేరోజు తీసుకోవచ్చు.

మైగ్రేషన్ అలా కాదు. పాత బ్యాంకులో ఉన్న ప్రతి డిపాజిట్ పథకానికీ, ప్రతి రుణ పథకానికీ మన వ్యవస్థలో సరిపోయే కోడ్ వెతకాలి. వడ్డీ లెక్కించే పద్ధతి కలవాలి. జనరల్ లెడ్జరు పద్దులు కలవాలి. ఒకే ఖాతాదారుకు రెండు బ్యాంకుల్లో రెండు కస్టమర్ ఐడీలుంటే వాటిని ఒకటి చేయాలి. ఖాతాదారు వేరే సంస్థలకు ఇచ్చిన ఆటో డెబిట్ ఆదేశాలు తెగిపోకూడదు. చివర్లో ట్రయల్ బ్యాలెన్సు రూపాయి తేడా లేకుండా తేలాలి. ఇందులో ఒకరు ఒక కోడ్ మార్చితే నాలుగు విభాగాలలో దాని ప్రభావం కనిపిస్తుంది. డిపాజిట్ల వారు చేసిన మార్పు టీడీఎస్ వారికి తెలియాలి, టీడీఎస్ వారి సందేహం కస్టమర్ ఐడీల వారికి చేరాలి. పైన చెప్పిన 1,770 జతలు నిజంగా బాధించేది ఇక్కడే.

మా దగ్గరికి 48 మంది ఒకే వారంలో వచ్చారు. కుర్చీలు మూడో అంతస్తులో సర్దారు. సిస్టమ్‌లోకి వెళ్లే యూజర్ ఐడీలు రావడానికి సెక్యూరిటీ అనుమతులు కావాలి కదా, చాలామందికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ వారు మా వెనక నిలబడి మా తెరలు చూస్తూ నేర్చుకున్నారు. మంచివారే, చురుకైనవారే. కానీ ఏం చేస్తారు? ప్రతి పది నిమిషాలకూ ఒకరు వచ్చి, "సార్, ఈ స్కీము మన దగ్గర లేదు కదా, ఎందులో వేయమంటారు?" అని అడిగేవారు. ఒకే ప్రశ్నకు ఉదయం ఒకరు ఒక జవాబు, సాయంత్రం ఇంకొకరు ఇంకో జవాబు చెప్పిన సందర్భాలున్నాయి. పాత 12 మందీ పగలు జవాబులు చెప్పి, రాత్రి సొంత పని చేసుకునేవారు. మూడు వారాల తర్వాత జరిగిన మాక్ మైగ్రేషన్‌లో తేడాల జాబితా అంతకు ముందు మాక్ కంటే పొడుగ్గా వచ్చింది.

ఆ జాబితాలో ఒక పద్దు చెబుతాను, ఎందుకంటే అంకెల వెనక మనుషులుంటారని మనం మరచిపోతుంటాం. పాత వ్యవస్థలో ఉమ్మడి ఖాతా నడిపే విధానానికి ఒక కోడ్ వరస ఉంది, మనదాంట్లో ఇంకో వరస. రెండింటిలోనూ ఒకే అంకె కనిపిస్తుంది, అర్థం మాత్రం వేరు. అక్కడ ‘ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు’ అనే అర్థమున్న కోడ్ ఇక్కడ ‘ఇద్దరూ కలిసి’ అయింది. ఒక బ్రాంచిలో పింఛనుదారుల ఉమ్మడి ఖాతాలన్నీ అలా మారిపోయాయి. అది నిజమైన మైగ్రేషన్ అయి ఉంటే ఏమయ్యేది? భర్త పోయిన నెలలో కుటుంబ పింఛను కోసం వచ్చిన ఒక పెద్దావిడతో, కౌంటరులో మన క్లర్కు, "ఇద్దరి సంతకాలూ కావాలమ్మా" అని చెప్పవలసి వచ్చేది.

దాన్ని పట్టుకున్నది మా 12 మందిలో ఎవరూ కాదు. అనంతపురం వైపు ఒక బ్రాంచి నుంచి కొత్తగా వచ్చిన క్లర్కు. ఆమెకు కోడ్‌లు ఇంకా సరిగా రావు. జాబితా చూస్తూ, "ఏ పింఛనుదారుడూ ఖాతా ఇలా పెట్టుకోడు సార్, నేను పదకొండేళ్లు ఆ కౌంటరులోనే కూర్చున్నాను" అంది. కొత్తవారిని వాన్‌ల కొద్దీ దింపకూడదన్నది ఎంత నిజమో, కొత్తవారు తెచ్చే చూపు లేకపోతే ఇలాంటివి బయటపడవన్నదీ అంతే నిజం. పాతవారికి ఆ జాబితా అలవాటైపోయి కనిపించడం మానేసింది.

మలుపు ఎక్కడ వచ్చింది

ఆ మాక్ తర్వాత మా జనరల్ మేనేజరు గారు తీసుకున్న నిర్ణయం చాలామందికి మొదట అర్థం కాలేదు. ఇంకా మందిని అడగలేదు, వచ్చినవారిని వెనక్కీ పంపలేదు. పనిని రెండుగా విడగొట్టారు. కోడ్‌లు జతచేయడం, వడ్డీ సరిచూడడం వంటి అల్లుకున్న పని ఒక వైపు. ఖాతాదారుల వివరాలు సరిచేయడం, లేని సంతకాలు స్కాన్ చేయించడం, మొబైల్ నంబర్లు తెప్పించడం, ఒకే మనిషికున్న రెండు ఐడీలను గుర్తించడం వంటి, బ్రాంచీల వారీగా విడదీయగల పని ఇంకో వైపు. కొత్తవారిలో 24 మందిని ఈ రెండో పని మీద బ్రాంచీలకు పంపారు. అది వారికి బాగా తెలిసిన పని. జన్ ధన్ పద్ధతి అన్నమాట: ఒక పూటలో చెప్పవచ్చు, ఒకరి తప్పు ఇంకొకరికి అంటదు.

మిగిలిన 24 మందిని ఎనిమిది గుంపులుగా చేశారు. ఒక్కో గుంపులో ముగ్గురు కొత్తవారు, ఒక పాతవారు. పాత 12 మందిలో ఎనిమిది మంది ఇలా గుంపులకు వెళ్లగా, మిగతా నలుగురిని ఎవరూ ప్రశ్నలతో కదిలించకూడదని గట్టిగా చెప్పారు. వారికి వేరే గది కూడా ఇచ్చారు. ఈ చివరి ఏర్పాటు కొందరికి నచ్చలేదు, పెద్దమనుషుల్లా తలుపేసుకుని కూర్చున్నారని మాటలొచ్చాయి. నా ఉద్దేశంలో మొత్తం ఏర్పాటులో అత్యంత ముఖ్యమైనది అదే. నేర్పే భారం పాతవారందరి మీదా సమానంగా పంచితే, కష్టమైన చిక్కులు విప్పే మనిషి ఒక్కడూ మిగలడు.

నెలా పదిరోజుల తర్వాత బ్రాంచీల నుంచి ఆ 24 మంది తిరిగి వచ్చారు. ఈసారి నేర్పడానికి ఎనిమిది మంది కాదు, 32 మంది ఉన్నారు. ఒక్కో గుంపు ఏడుగురైంది. మొదటి విడతలో వచ్చినవారే రెండో విడతకు గురువులయ్యారు, వారికి తమ సందేహాలు ఇంకా గుర్తున్నాయి కాబట్టి మాకంటే బాగా చెప్పారు. గుంపు లోపలివారు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. గుంపు బయట మాట్లాడేది గుంపు పెద్ద మాత్రమే. అప్పుడు జతలు ఎన్నో చూడండి: ఏడుగురిలో 21, అలాంటివి ఎనిమిది గుంపులు కాబట్టి 168, ఎనిమిది మంది పెద్దల మధ్య 28. మొత్తం 196. వేరే గదిలోని నలుగురితో జరిగే సంప్రదింపులు దీనికి అదనం. ఎలా చూసినా 1,770 ఎక్కడ, ఇది ఎక్కడ!

అంటే జట్టు ఎంత వేగంగా పెరగవచ్చన్నది ఎంతమంది దొరుకుతారన్న దాన్ని బట్టి కాదు, నేర్పగలిగినవారు ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. మా అనుభవంలో ఒక పాతవారికి ముగ్గురు కొత్తవారు దాటితే నేర్పు పోయి అరుపు మిగిలింది. మీ పని వేరైతే ఈ నిష్పత్తి వేరు కావచ్చు. నిష్పత్తి అంటూ ఒకటుందని మాత్రం ముందే గుర్తించాలి.

కొన్ని చిన్న విషయాలు, చిన్నవి కానివి

ప్రశ్నల పుస్తకం సంగతి చెప్పాలి. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు రాకూడదని ఒక రిజిస్టరు పెట్టాం. తర్వాత అది షేర్డ్ ఫోల్డర్‌లోకి వెళ్లింది గాని అందరూ దాన్ని పుస్తకమనే పిలిచారు. ప్రశ్న, జవాబు, ఎవరు చెప్పారు, ఏ తేదీన, జవాబు మారితే ఎందుకు మారింది, ఇంతే. అడిగే ముందు పుస్తకం చూడాలి, లేకపోతే అడిగి, వచ్చిన జవాబును అడిగినవారే రాయాలి. ఈ రెండో షరతు వల్ల రెండు లాభాలు. పాతవారికి రాసే శ్రమ తప్పింది, కొత్తవారికి నిజంగా అర్థమైందో లేదో వారి రాతలో తెలిసిపోయింది.

మనుషుల్ని ఎంచుకోవడం గురించి. బ్రాంచి మేనేజరు తనకు అవసరం లేనివారినే పంపుతాడని చాటుగా అందరం అంటాం. అతన్ని తప్పుపట్టలేం, అతని కౌంటరు అతనికి ముఖ్యం. దీనికి విరుగుడు ‘ఐదుగురు అధికారులు కావాలి’ అని కాకుండా ‘పంట రుణాలు కనీసం మూడేళ్లు చూసినవారు ఇద్దరు, పింఛను కౌంటరు చూసినవారు ఒకరు’ అని అడగడం. పని పేరు చెప్పి అడిగితే పంపేవారికి కూడా తప్పించుకోవడం కష్టం. పోయేవారి స్థానంలో ఎవరు, ఎన్నాళ్లు అన్నది అదే ఉత్తర్వులో ఉంటే బ్రాంచి నుంచి సణుగుడు సగం తగ్గుతుంది.

అన్నిటికన్నా నాజూకైనది హోదా విషయం. మన సంస్థల్లో స్కేలుకు ఉన్న బరువు మీకు తెలియనిది కాదు. మా ఎనిమిది గుంపుల్లో మూడింటికి పెద్దలు స్కేల్-వన్ అధికారులు, అందులో కొత్తవారుగా వచ్చినవారిలో స్కేల్-త్రీ సీనియర్ మేనేజర్లు ఉన్నారు. ఇరవై ఏళ్ల సర్వీసున్నాయనకు ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు, "సార్, మీరు ఈ ఫైలు మళ్లీ చూడాలి" అని చెప్పడం ఎవరికీ సుఖంగా ఉండదు. సార్ అన్న పిలుపు మారలేదు, మారనక్కర్లేదు కూడా. చేసిందల్లా రెండు పనులు. గుంపు పెద్ద అన్నది హోదా కాదని, పని పంచే బాధ్యత మాత్రమేనని ఉత్తర్వులోనే స్పష్టంగా రాశారు. వార్షిక నివేదికలు ఎప్పటిలాగే పై అధికారులే రాశారు. రెండోది, సీనియర్లకు వారి అనుభవమే ఆధారమయ్యే పని ఇచ్చారు: మొండి ఖాతాల తేడాలు తేల్చడం, బ్రాంచి మేనేజర్లతో మాట్లాడి ఒప్పించడం. ఒక స్కేల్-వన్ అధికారి ఫోను చేస్తే రెండు రోజులు పట్టే సమాచారం ఒక సీనియర్ మేనేజరు గారు అడిగితే మధ్యాహ్నానికల్లా వచ్చేది. ఆ కుర్రాడికి కోడ్‌లు తెలుసు, ఆయనకు మనుషులు తెలుసు. ఇది కుదిరిన గుంపుల్లో పని పరుగెత్తింది. ఒక గుంపులో చివరిదాకా కుదరలేదు, అదీ నిజమే.

వసతి, హాల్టింగ్ అలవెన్సు బిల్లులు, ఇంటికి వెళ్లి రావడానికి సెలవు, ఇవన్నీ మామూలుగా ప్రాజెక్టు ప్రణాళికలో కనిపించవు. మైగ్రేషన్ పని ఎక్కువగా సెలవు దినాలలో పడుతుంది, రెండో శనివారం వస్తే బ్యాంకులో అందరూ ఊరికి వెళ్తారు, మేం ఆఫీసుకు వెళ్తాం. ఆరు నెలలు పిల్లల్ని వదిలి వచ్చినవారికి ఏ వారాంతం ఖాళీయో నెల ముందే చెప్పడం పెద్ద ఖర్చు కాదు. అది చెప్పిన తర్వాత మా దగ్గర హఠాత్తు సెలవులు బాగా తగ్గాయి. యూజర్ ఐడీలు కూడా ఇలాంటిదే: రెండో విడత వారికి రిలీవింగ్ ఆర్డరు వచ్చిన రోజే దరఖాస్తు పెట్టించాం, వారు కుర్చీలో కూర్చునేసరికి ఐడీ సిద్ధంగా ఉంది.

ఇక ఎప్పుడు ఆపాలి? అసలు తేదీకి ఆరు వారాల ముందు నుంచి కొత్తవారిని చేర్చుకోకూడదని మాలో మేం ఒక గీత గీసుకున్నాం. ఆ గీత దాటాక కూడా ఒక ఉన్నతాధికారి గారు దయతో ఇంకో పది మందిని ఇస్తామన్నారు. వద్దనడం మన సంప్రదాయంలో లేదు కదా! వారిని తీసుకుని, మా గదిలోకి కాకుండా ఫోన్ల దగ్గర పెట్టాం. మారిన చెక్కుబుక్కులు, కొత్త ఐఎఫ్‌ఎస్‌సీ గురించి బ్రాంచీలు అడిగే ప్రశ్నలకు జవాబివ్వడం వారి పని. విడదీయగల పని ఎక్కడో ఒకచోట ఎప్పుడూ ఉంటుంది, వెతకాలంతే.

సిబ్బంది కోరుతూ ఫైలు పెట్టేవారికి ఒక సూచన. సంఖ్యతో పాటు మూడు వాక్యాలు రాయండి. ఈ పనిలో ఏ భాగం విడదీయగలది, ఏది కాదు. నేర్పగలవారు ఇప్పుడు ఎందరు, అందులో నేర్పకుండా పక్కన ఉంచేది ఎవరిని. ఏ తేదీ తర్వాత ఎవరూ వద్దు. పైవారు ఈ మూడూ అడగకపోవచ్చు. మా తర్వాత ఏటీఎం స్విచ్ మార్పు ప్రాజెక్టు నడిపినవారు ఇలాగే రాశారు, 30 మందిని అడగబోయి 14 మందిని అడిగారు, అదీ రెండు విడతల్లో. మా ప్రశ్నల పుస్తకం కూడా వారే తీసుకెళ్లారు. అందులో ఉమ్మడి ఖాతా కోడ్‌ల పేజీకి ఎవరో ఎర్ర గుర్తు పెట్టి ఉంచారు.